జల్పల్లి దారిలోని జలయంత్రములు

హైదరాబాదు పాతనగరమునకు దక్షిణమున చాంద్రాయణగుట్ట దాటి కొంతదూరము పోయినచో బార్కసు వచ్చును. ఎఱ్ఱకుంట మీదుగా ఇంకను సాగినచో పహాడీ షరీఫు గుట్టకు చేరువలో జల్పల్లి చెరువు కానవచ్చును. ఒకప్పుడు ఈ చెరువు నీరే పల్లమును వెదకికొనుచు ఉత్తరమునకు ప్రవహించి, చార్మినారు మీది తొట్టిని నింపెడిదని నగరచరిత్రకారులు తరతరములుగా చెప్పుచు వచ్చిరి. 1667 ప్రాంతమున గోలకొండ రాజ్యమును సందర్శించిన ఫ్రెంచి యాత్రికుడు థెవెనో, నీటిని చార్మినారు పైభాగమున కెక్కించి, అచ్చటినుండి రాజప్రాసాదమునందలి ఎత్తైన గదులకు చేర్చు నేర్పును ప్రత్యేకించి పేర్కొనినాడు. ఆవిరియంత్రములు లేని ఆ కాలమున, చెరువు ఎత్తు, నగరపు వాలు, మట్టిగొట్టపు బిగువు, ఈ మూడింటి లెక్క తప్పకుండ నీటిని అంతస్తు లెక్కించిన పనివారి పేర్లు ఏ శాసనమునను లేవు. రాజు పేరు మాత్రము మిగిలినది.

మహమ్మద్ కులీ కుతుబ్ షా 1591లో చార్మినారును కట్టించిన పిమ్మట, ఇరానునుండి వచ్చిన పేష్వా మీర్ మోమిన్ అస్త్రాబాదీ గీచిన పథకము ననుసరించి, దానికి ఉత్తరమున నాలుగు కమానులు లేచినవి. ఉత్తరమున మచిలీ కమాను, దక్షిణమున చార్మినారు కమాను, తూర్పున నగారాఖానా యై తరువాత కాలీ కమానుగా వాడుకకెక్కినది, పడమట రాజప్రాసాదమునకు ద్వారమైనది. ఈ నాలుగింటి నడుమ, వానికి సమదూరమున, ఎనిమిది మూలల తొట్టి యొకటి అమర్చబడినది. దానినే పూర్వము చార్ సూ కా హౌజు అనిరి. నేడు గుల్జార్ హౌజు అనుచున్నారు. ఆ ఆవరణము రాజసైన్యము బారులు తీరి నిలుచు జిలూఖానా. కవాతునకు వచ్చిన సిపాయికిని, అంగడికి వచ్చిన గృహస్థునకును, ఆస్థానమునకు వచ్చిన రాయబారికిని కన్నుల యెదుట ఎగసి పడు నీరది. అనగా ఇరాను ఉద్యానములయందలి విలాసమును, దక్కను బాటసారి దప్పికయు ఒకే తొట్టిలో కలిసినవి. ఈ రెండింటి కలయికను గుర్తుంచుకొనక హైదరాబాదు ఫవ్వారాల చరిత్రను చెప్పబూనుట వ్యర్థప్రయాస; ఏలయన, నీటితో చేయు కొంటెపనులకును నీటికై చేయు కలహములకును గల భేదమంతయు ఈ కలయికలోనే యున్నది.

నీటిచిమ్ములతో పరిహాస మాడుట ఐరోపా ప్రభువులకు ఒక కాలమున మహావినోదము. సాల్స్‌బర్గు ఆర్చిబిషప్పు మార్కుస్ జిట్టికుస్ 17వ శతాబ్ది ఆరంభమున తన హెల్‌బ్రున్ ఉద్యానములో రాతి భోజనపు బల్లను వేయించి, అతిథుల ఆసనముల క్రింద గొట్టములు దాచి, విందు నడుమ వారి క్రిందినుండి నీరు చిమ్మించెడివాడు. ప్రభువు కూర్చుండి యుండగా అతిథి లేవరాదని మర్యాద. కనుక ఆ మహనీయులందఱు తడియుచునే నవ్వవలసివచ్చెడిది. ప్రభువు ఆసనము మాత్రము పొడిగా నుండెడిది. ఈ యంత్రము నేటికిని పని చేయుచున్నది, యాత్రికులు టిక్కెట్టు కొని తడిసివచ్చుచున్నారు. ఆ నవ్వులో అధికారమెంత, ఆనందమెంత అని తూచుట కష్టము. కాని తడిపినవాడు ఎన్నడును తడియని హాస్యమును నేను హాస్యమని పూర్తిగా ఒప్పుకొనలేను.

దక్కనునందలి నీటికొంటెతనము దీనికి పూర్తిగా భిన్నమైనది. శాతవాహన రాజైన హాలుడు కూర్చిన ప్రాకృతగాథలలో ఒకచోట బాటసారి యొకడు చలిపందిలి చేరి, నీరు పోయు యువతి యెదుట దోసిలి పట్టి, చూపు ఆమె ముఖమునుండి మరల్చలేక, వ్రేళ్ల సందులు వదలుచేసి నీటిని జారవిడుచును. ఆ పడుచు వాని కపటమును ఇట్టే కనిపెట్టి, తానును ఆ క్షణమును పొడిగింపగోరి, ధారను సన్నము చేసికొనుచు పోవును. ఇచ్చట ప్రభువు లేడు, దాచిన గొట్టము లేదు; ఇరువురును ఒకరినొకరు మోసగించుచు, ఆ మోసమున కిరువురును సమ్మతించి యున్నారు. ఐతే ఈ కొంటెతనము కూడ నీరు సమృద్ధిగా నున్నపుడే సాధ్యమని మరువరాదు. కుండ అడుగంటిన నాడు ఆ ప్రపాపాలిక బాటసారి చేతివ్రేళ్లపై గరిటెతో ఒక్కటి వేసియుండెడిదని నా నమ్మకము.

ఫవ్వారా నిరసనలకును ఇదే సూత్రము వర్తించును. 2007 అక్టోబరులో రోము నగరపు ట్రెవీ ఫౌంటెనులో ఒకడు ఎఱ్ఱరంగు పోసి, చలనచిత్రోత్సవమునకైన వ్యయమును నిరసించినాడు. 2023 మే నెలలో వాతావరణోద్యమకారులు అదే ఫౌంటెనులో బొగ్గునీరు కలిపి నల్లగా మార్చిరి. 2022 అక్టోబరులో, మహ్సా అమీనీ మృతి పిమ్మట ఇరానునందు చెలరేగిన ఆందోళనలో, టెహరానునందలి కొన్ని ఫవ్వారాలు తెల్లవారునప్పటికి రక్తవర్ణములై కనబడినవి. మీర్ మోమిన్ పుట్టిన దేశమున, ఆయన హైదరాబాదునకు తెచ్చిన శిల్పముయొక్క మాతృభూమిలో, ఆ నీరు ఈ రీతిగా మాటాడినది. ఈ ఘట్టములన్నింటను ఒక సామాన్యలక్షణము కలదు: రంగు కలిపిన నీరు ఎవరును త్రాగు నీరు కాదు. అలంకారజలము కలుషితమైనపుడు ప్రభుత్వమునకు సిగ్గు, చూపరికి విస్మయము. ఎవరి పిల్లవాడును దప్పికతో నేడ్వడు. త్రాగునీటిని కలుషితము చేయుట నిరసన కాదు, హింస.

అందువలననే మన నగరమున నీటిని గూర్చిన నిరసన వేఱొక రూపమును ధరించినది. దానిని తెలిసికొనుటకు బార్కసునకు మరలవలెను.

ఇచ్చటి ప్రజలలో అధికులు అరేబియా దక్షిణతీరమునందలి హద్రమౌతునుండి వచ్చిన సైనికుల సంతతివారు. నిజాము సైనికుల బారకులుండుటచేత ఈ వాడకు బార్కసని పేరు నిలిచినది. 1817-18 నాటి యుద్ధములలో మరాఠా పేష్వాయును, నాగపూరు భోంసలేయును ఆంగ్లేయుల చేత నోడిపోగా, వారి కొలువులోనుండిన అరబ్బు దళములు నాగపూరునందును మాలేగాము కోటలోను తెగించి పోరాడి, పిదప బ్రతుకుతెరువు వెదకికొనుచు నిజాము రాజ్యమునకు చేరుకొనినవి. ఇచ్చట వారి జమాదారులు సేనానులు మాత్రమే కాక, అప్పులిచ్చు షావుకార్లునైరి. దీవానునకే అప్పిచ్చి, జిల్లాల ఆదాయమును తాకట్టుగా పుచ్చుకొనిన వారు వారిలో కలరు. జమాదారు ఉమర్ బిన్ అవధ్ అల్ కుఐతీ హైదరాబాదులో కూడబెట్టిన ధనముతో స్వదేశమున రాజ్యస్థాపనకు పూనుకొనినాడు. ఆయన కుమారుల కాలమున షిహ్ర్, ముకల్లా రేవులు వారి వశమై, ఆ సుల్తానుల ఏలుబడి 1967 వఱకు నిలిచినది. ఒక పరరాజ్యమును హైదరాబాదు జీతపుసొమ్ము నిలబెట్టినదన్న సంగతి మన పాఠశాలల పుస్తకములలో ఏలనో చోటుచేసికొనలేదు.

అయితే ఆ జీతము సకాలమున నెన్నడును రాలేదు. బకాయి నెలలు గడచి ఏండ్లైనపుడు సైనికులు అధికారి వాకిట బైఠాయించి, ఆయనను బయటికి కదలనీయక, లోనికి అన్నమును నీటిని పోనీయక నిర్బంధించెడివారు. ఋణము తీర్చని వాని యింటి ముందు అరబ్బు కాపలా నిలుచుటయు అట్టిదే. వాని వంటింట పొయ్యి రాజక, నీటికుండ నిండక, పరువు బజారున పడెడిది. నీటిని అడ్డగించుట ఇచ్చట ఆయుధము. హెల్‌బ్రున్ ప్రభువు అతిథిని లేవనీయక నీటితో తడిపినాడు; బార్కసు సిపాయి అధికారిని లేవనీయక నీటికి దూరము చేసినాడు. మొదటిది విలాసము, రెండవది కూలి. 1853లో దీవానైన మొదటి సాలార్ జంగు, అరబ్బుల సొంత చెరసాలలను మూయించి, వారి వివాదములకు న్యాయస్థానమును నెలకొల్పి, ఈ ధర్నాపద్ధతిని క్రమక్రమముగా అణచినాడు. అది నగరమునకు మేలు చేసినదనుటలో నాకు సందేహము లేదు. కాని జీతపు బకాయిలు కూడ ఆ వేగముతోనే తీరి యుండినచో ధర్నా తనంతట తానే వాడిపోయి యుండెడిదనియు అనుకొందును.

ఇంతటి నిర్దాక్షిణ్యము నెఱిగిన ఈ జనులే తమ స్వదేశమున నీటిదానమును ధర్మములలో కెల్ల ధర్మముగా నెంచినవారు. హద్రమౌతు లోయలో బాట వెంబడి, మండుటెండలో, సున్నము పూసిన చిన్న గుమ్మటపు తొట్లు కనబడును. వానిని సికాయా లందురు. ఎవరో పుణ్యాత్ములు వక్ఫుగా విడిచిన ఆదాయముతో ఒక మనిషిని పెట్టి, దినదినమును దూరపు బావినుండి నీరు తోడించి వానిని నింపింతురు. బాటసారి గోడలోని చిన్నకంతనుండి చేయి చాచి గిన్నెతో ముంచుకొనును. ఆ నీరెగయదు, మెఱయదు, సంగీతము చేయదు. దానిని చూచుటకు ఎవరును దూరదేశములనుండి రారు. మన పల్లెల చలివేంద్రమునకును దీనికిని కల్గిన బంధుత్వమును చూడగా, ఎడారి వాడును ఎండవేసవి వాడును ఒకే గురువు వద్ద చదివినారనిపించును.

పాతనగరమున ఈ ధర్మము అత్యంత గంభీరముగా రూపుగట్టునది మొహర్రము పదవనాడు. 680లో కర్బలా మైదానమున యూఫ్రటీసు నది కన్నులయెదుట ప్రవహించుచుండగా, ప్రవక్త మనుమడైన హుస్సేను పరివారమునకు నీరందనీయక చంపిన గాథను తలచుకొని, బీబీకా అలం అను పవిత్రధ్వజము ఏనుగుపై డబీర్‌పురానుండి బయలుదేఱి, చార్మినారును, గుల్జార్ హౌజును, పత్తరగట్టిని దాటి చాదర్‌ఘాటునకు సాగును. దారి పొడవునను దప్పిక తీర్చు పందిళ్లైన సబీళ్లు వెలయును. షియాలే కాక సున్నీలును, హిందువులును కూడ వానియందు నీరును షర్బతును పోయుదురు. నీటిని నిరాకరించుటకు వ్యతిరేకముగా మానవజాతి జరుపుచున్న నిరసనలలో ఇంత దీర్ఘకాలముగా, ఏటేట తప్పక సాగుచున్న దింకొకటి కలదా యని నేను ఆశ్చర్యపడుదును. ఆ ఊరేగింపు గుల్జార్ హౌజు ప్రక్కగా పోవునపుడు, విలాసము కొఱకు పుట్టిన తొట్టియు, దప్పిక స్మృతిగా పుట్టిన సబీలును ఒకదానినొకటి చూచుకొనును. కులీ కుతుబ్ షా రెండింటికిని పోషకుడే. 1590ల దశకముననే ఆయన మొహర్రము సంతాపమందిరమైన బాద్షాహీ ఆషూర్‌ఖానాను కట్టించెను.

1687లో ఔరంగజేబు గోలకొండను జయించిన పిమ్మట కుతుబ్ షాహీ ప్రాసాదములు శిథిలమైనవి. వానితోపాటు వాని నీటిదారులును మట్టిలో కలిసినవి. 19వ శతాబ్ది ఆరంభమున దీవాను మీర్ ఆలము, అర్ధచంద్రాకారపు 21 కమానులను ఒకదాని ప్రక్క నొకటి నిలిపి కట్టించిన చెరువు పాతనగరమునకు చాలకాలము ప్రాణాధారమైనది. ఇంజనీర్లు ఈనాటికిని ఆ కట్టను చూచి మెచ్చుకొనుచున్నారు. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వఱద తరువాత, విశ్వేశ్వరయ్య సలహాపై 1920లో ఉస్మాన్ సాగరును, 1927లో హిమాయత్ సాగరును పూర్తియైనవి. గొట్టము వచ్చినది, గొట్టముతో నల్లా వచ్చినది, నల్లాతో వీథి మూలన బిందెల బారు వచ్చినది.

ఈ బారును చరిత్రకారులు తగినంతగా గమనింపలేదు. కోర్టు, బజారు, రచ్చబండ, నాటకశాల, ఈ నాలుగు పనులును అదియే చేసెడిది. తెల్లవారుజామున నీరు వదలుదురని తెలిసి రాత్రియే వచ్చి బిందెకు బదులుగా ఒక రాయి నుంచి పోవుట, ఆ రాయిని ఎవరో కాలితో వెనుకకు జరుపుట, ఎవరు జరిపిరను విచారణ ముగియకముందే నీరాగిపోవుట, ఇవి బార్కసునకును, బొగ్గులకుంటకును, బాపట్లకును సమానమే. పిల్లలకు మాత్రము నల్లా ఫవ్వారాయే; దాని మూతికి అరచేయి అదిమి పట్టినచో ఒక సన్నని చిమ్ము వంకరగా లేచి, ఎదుట నిలిచిన అత్తమ్మ చీరనో, సైకిలుపై పోవు చావూష్ (బార్కసు అరబ్బు) లుంగీనో తడుపును. తిట్లు తప్పవు, కాని ఆ తిట్లు నీటిని వృథా చేసినందుకే గాని తడిపినందుకు కాదు. జిట్టికుస్ ప్రభువు అతిథులకు ఈ మాట అను భాగ్యము కలుగలేదు.

నీరు రాని నాడు ఆ బిందెలే నిరసనకు పరికరములైనవి. తెలుగుదేశమంతటను స్త్రీలు ఖాళీ బిందెలను బాటకడ్డముగా వరుసలు పేర్చి కూర్చుందురు. బస్సు నిలిచిపోవును, అధికారి దిగివచ్చును. పాతనగరమున దానికి తోడు మట్కా ఫోడ్ అని పాతకుండలను జలమండలి కచ్చేరి వాకిట పగులగొట్టుట గలదు. రోమున నిరసనకారుడు నిండుతొట్టిలో ఒకటి చేర్చును. మన స్త్రీ నిండవలసినది నిండలేదని చూపును. రంగు అక్కఱ లేదు, రాత్రిపూట దొంగతనముగా రానక్కఱ లేదు. ఎవరును నష్టపోరు, పగిలిన కుండ తప్ప. నా దృష్టిలో ఇది రెండింటిలో మెఱుగైన వాక్యరచన.

కాని ఈ బిందెయే ఒకమారు నెత్తుటిలో తడిసినది. 1985 జులైలో ప్రకాశం జిల్లా కారంచేడులో మాదిగపల్లె వారు త్రాగు చెరువు నీటిని పెద్దకులపు యువకులు గేదెల కుడితి బకెట్లతో మైలపరచుచుండగా, వలదన్నవారిపై చేయి చేసికొనబోయిరి. ఒక స్త్రీ తన బిందె నెత్తి అడ్డుకొనినది. మఱునాడు, అనగా జులై 17న, గుంపులు పల్లెపై విఱుచుకొనిపడి ఆఱుగురిని చంపినవి. నీళ్లలో మలినమును కలిపిన వారికి అది చిలిపిచేష్టగానే తోచియుండును. 1927 మార్చి 20న మహాడులో అంబేద్కరు చవదార్ చెరువునుండి దోసెడు నీరు పుచ్చుకొని త్రాగుట ఎంతటి విప్లవమో, కారంచేడు స్త్రీ బిందె నెత్తుటయు అంతటిదే; దళిత మహాసభ దానినుండియే ప్రభవించినది. నీటితో పరిహాసమాడు హక్కు ఎవరికున్నది అను ప్రశ్నకు, త్రాగవలసిన వానికి తప్ప వేఱెవరికిని లేదని ఈ ఘట్టము సమాధానము చెప్పుచున్నది.

బార్కసు కథ 1948 సెప్టెంబరులో వేఱు మలుపు తిరిగినది. పోలీసు చర్య పిమ్మట నిజాము సైన్యములు చెదరినవి; అరబ్బులలో అనేకులు నిర్బంధింపబడి స్వదేశమునకు పంపబడిరి, ఇచ్చట పుట్టి ఇచ్చటనే వేళ్లు పాతుకొనినవారు పౌరులై నిలిచిరి. ఆయుధము పోయినది; లుంగీయు, హరీసు వంటకమును, జామతోటల కీర్తియు మిగిలినవి. ఇరుగుపొరుగున సలాలా వంటి వాడలు లేచినవి. చెఱువుల శిఖములమీదను ఇండ్లు వెలసినవి. 2020 అక్టోబరులో ఎడతెగని వానలకు మొదట పల్లెచెరువు పొంగి అల్ జుబైల్ కాలనీని ముంచెను. కొలది దినములకే బాలాపూరు ప్రక్కనున్న గుఱ్ఱంచెరువు కట్ట తెగి హాఫిజ్ బాబానగరు వీథులలో నీరు రొమ్ములోతున నిలిచెను. నిన్నటివఱకు ఖాళీ బిందెలతో కూర్చుండినవారు ఈమారు నీటిలో మునిగిన ఇండ్లముందు నిలిచి, చెఱువు కడుపులో ఇంటికి అనుమతి నిచ్చినదెవరని అడిగిరి. సంపులలో మురుగు చేరినందున ఆ జలరాశి నడుమ త్రాగునీటి కొఱకు ట్యాంకరు దారి చూడవలసివచ్చినది.

ఆ వఱద గడచిన మూడవయేట, 2023 ఫిబ్రవరిలో, నగరమున నొక క్రొత్త ఫవ్వారా లేచినది. హుస్సేన్ సాగరు నీటిపై తేలుచు, పాటల లయకు ఊగుచు, నానావర్ణదీపముల వెలుగున అది సాయంకాలములందు జనసందోహము నాకర్షించుచున్నది. 1562లో కట్టిన ఆ చెఱువు నీరు త్రాగుట మానివేసి తరములు గడచినవి గనుక, ఇది రోమునందలి తొట్టివలె కేవలము చూపు కొఱకైన నీరు. ఐరోపా పద్ధతి నిరసనకు మన నగరములో తగిన స్థలమేదైన నున్నచో అదియే. అయితే ఎవడైన సాహసించి దానిలో ఎఱ్ఱరంగు పోసినను, తరువాతి పాటకు వెలుగు దీపమెట్లును ఎఱ్ఱదే గనుక, చూపరులు చప్పట్లు కొట్టి ఇంటికి పోవుదురు.